జాంభోజీ: పచ్చని చెట్టును ధర్మముగా నిలిపిన మరుభూమి గురువు

జమ్మిచెట్టు తెలుగువారికి క్రొత్తది కాదు. విజయదశమినాడు ఊరి వెలుపలి జమ్మికి ప్రదక్షిణము చేసి, దాని యాకు తెచ్చి పెద్దల చేతిలో నుంచి నమస్కరించుట మన యిండ్లలో నేటికిని నడచుచున్న యాచారము. అజ్ఞాతవాసమునకు బోవుచు పాండవులు తమ యాయుధములను దాచినది ఈ చెట్టుపైననే. జమ్మిని ఆశ్రయించి పెరిగిన రావికొమ్మతో అరణిని చేసి యజ్ఞాగ్నిని మథించుటచే, నిప్పును గర్భమున దాల్చిన వృక్షమని పూర్వులు దీనిని కీర్తించిరి. 2014లో తెలంగాణము తన రాష్ట్రవృక్షముగా నెన్నుకొన్నదియు దీనినే. అంతకు పూర్వమే, 1983లో, రాజస్థానము దీనికి ఆ గౌరవమొసగెను. ఆ దేశమున దీనిని ఖేజ్రీ యందురు. అగ్నిగర్భమని పేరుగన్న ఈ వృక్షమునే నేడు ఆ మరుభూమియందు సూర్యుని వెలుగునుండి విద్యుచ్ఛక్తి తీయుటకై నరుకుచుండుట కాలవైచిత్ర్యము గాక మరేమి?

దేశమునకు విద్యుచ్ఛక్తి వలయును. బొగ్గును కాల్చుట తగ్గవలయును. ఇందు వివాదమునకు దావు లేదు. కాని ఎడారి యన్నంతమాత్రమున అది ఎవరికిని చెందని ఖాళీస్థలమగునా? అందలి చెట్టునకు, పక్షికి, పశువునకు, పశువుల కాపరికి లెక్కలో చోటులేదా? ఈ ప్రశ్న క్రొత్తదివలె దోచును; కాని దీనికి సమాధానము ఐదువందల యేండ్లకు పూర్వమే ఆ యిసుకతిన్నెలమీదనే పుట్టినది. ఆ సమాధానమును చెప్పుటయే గాక జనులచే ఆచరింపజేసిన మహనీయుడు జంభేశ్వరుడు. అనుయాయులు ఆయనను జాంభోజీ యని ప్రేమతో పిలుతురు. ఆయన చరిత్రమును ఈ తరుణమున చదువరులకు జ్ఞప్తి చేయుట యుక్తమని మేము తలచితిమి.

జాంభోజీ 1451లో నాగౌరు ప్రాంతమందలి పీపాసర్ గ్రామమున జన్మించెను. తండ్రి లోహట్ పన్వార్ అను రాజపుత్రుడు; తల్లి హంసాదేవి. ఆయన పుట్టినది శ్రీకృష్ణుని జన్మాష్టమినాడని అనుయాయులు నమ్ముదురు. దంపతుల కాయన యొక్కడే సంతానము. ఏడేండ్లు నిండువరకు బాలుడు నోరు విప్పి మాటలాడలేదనియు, అందుచే ఊరివారు వానిని వెర్రివానిగా దలచిరనియు చెప్పుదురు. పిదప ఇరువదియేడు సంవత్సరములు ఆయన పశువులను గాచెను. వివాహము చేసికొనలేదు. ఇంతకుమించి ఆ దినములను గూర్చి సంప్రదాయము చెప్పునది స్వల్పము. ఆ స్వల్పముననే గొప్ప విషయమొకటి కలదని మాకు దోచుచున్నది.

ఇరువదియేడు సంవత్సరములు ఎడారిలో పశువులను గాచినవానికి తెలియని దేమి యుండును? ఏ పల్లమున వాననీరు నెలదినములు నిలుచునో, ఏ గడ్డి తొలకరికి మొలచి ఏ మాసమున ఎండిపోవునో, మే నెల యెండలో ఏ చెట్టుక్రింద ఆవు నిలిచి బ్రదుకునో వాని కాలికే తెలియును. గ్రంథములు చదివిన పండితుడు కట్టిన మతమునకును, మందవెంట నడచినవాడు కట్టిన మతమునకును భేదముండి తీరును. జాంభోజీ విధించిన నియమములలో పశువును, చెట్టును, నీటిని గూర్చిన శ్రద్ధ అంతగా గానవచ్చుటకు కారణమిదియే యనుకొనుట అసంగతము కానేరదు.

ఆ కాలమెట్టిదో కొంచెము చూతము. ఆయన బాల్యముననే, 1459లో, రావు జోధా జోధ్‌పూరు నగరమును స్థాపించెను. 1488లో అతని కుమారుడు బీకా బికానేరును స్థాపించెను. రాజపుత్రవంశములు క్రొత్త కోటలు కట్టుకొనుచు, ఒండొరులతో పోరాడుచున్న దినములవి. అదే కాలమున మన దేశమున తాళ్లపాక అన్నమాచార్యుడు తిరుపతి వేంకటేశ్వరుని సంకీర్తనములతో సేవించుచుండెను. పంజాబమున 1469లో నానకు జన్మించెను. దేశమంతట భక్తి ఒక క్రొత్త వెల్లువగా బయలుదేరిన ఆ శతాబ్దిలో, మరుభూమికి దొరికిన గురువు జాంభోజీ. అయితే ఆయన భక్తికి ఒక విశేషము కలదు. అది దేవునివంక చూచుచునే నేలను మరవని భక్తి.

తల్లిదండ్రులు గతించిన పిదప ఆయన ఆస్తిని దానము చేసి, ఇల్లు విడిచి, సమ్రాథల్ అను ఎత్తైన ఇసుకతిన్నెపై నివాస మేర్పరచుకొనెను. ఆ తిన్నె నేటి బికానేరు జిల్లాలో నోఖా పట్టణమునకు సమీపమున నున్నది. అప్పుడు ఆ దేశమున దారుణమగు క్షామము వచ్చినదని సంప్రదాయము. జైసల్మేరు వంటి తావులలో మన అనంతపురమున కురియు వానలో సగమైనను కురియదు. అదియు ఏటేట నమ్మదగినది కాదు. అట్టిచోట రెండేండ్లు వరుసగా వాన తప్పినచో జనులు పశువులను తోలుకొని మాళవమునకో సింధునకో పోవుట వాడుక. పోవునప్పుడు చెట్లను కొట్టుదురు, వన్యమృగములను చంపి తిందురు. తిరిగివచ్చునప్పటికి నేల మరింత బోడిదై యుండును. క్షామము నేలను పాడుచేయును. పాడైన నేల మరల క్షామమును పిలుచును. ఈ చక్రమును ఛేదించుటయే జాంభోజీ పూనిన కార్యమని మా యభిప్రాయము.

1485లో, తన ముప్పదినాలుగవ యేట, కార్తిక బహుళాష్టమినాడు, ఆయన ఆ తిన్నెపై కలశమును స్థాపించి, మంత్రజలమునిచ్చి శిష్యులను స్వీకరించెను. మొట్టమొదట దీక్ష పుచ్చుకొన్నవాడు ఆయన పినతండ్రి పూల్హోజీ యని చెప్పుదురు. శిష్యులలో పెక్కుమంది జాట్ కులపు సేద్యగాండ్రు. ఇతర కులములవారును చేరిరి. ఆయన వారికి 29 నియమములు విధించెను. వారి భాషలో ఇరువదిని బీస్ అనియు తొమ్మిదిని నౌ అనియు అందురు. ఆ రెండు మాటలు కలిసి వారికి బిష్ణోయీలను పేరు వచ్చినది. ఒక మతమునకు దాని నియమముల సంఖ్యయే పేరగుట లోకమున అరుదు.

ఈ నియమములు చదివినవారికి మొదట ఆశ్చర్యము కలుగును. వీనిలో తత్త్వచర్చ లేదు. ప్రసవమైన స్త్రీకి ముప్పదిదినముల విశ్రాంతి, ఉదయస్నానము, ఉభయసంధ్యలయందు ఉపాసన, హోమము, విష్ణునామస్మరణము, అమావాస్యనాటి ఉపవాసము కొన్ని. సత్యము, క్షమ, దయ, సంతుష్టి, దొంగతనము చేయకుండుట, పరనింద మానుట కొన్ని. నల్లమందు, పొగాకు, భంగు, మద్యము, మాంసము మానుట మరికొన్ని. రాజపుత్రస్థానమున ఇంటికి వచ్చిన అతిథికి నల్లమందు నీరిచ్చుట మర్యాదగా నుండిన దినములలో దానిని నిషేధించుట సామాన్యసాహసము కాదు. నీలివస్త్రములు ధరింపరాదను నియమమొకటి యున్నది. నీలిరంగు తీయుటకు మొక్కలను కోయవలసివచ్చుటయే దానికి కారణమని కొందరు వ్యాఖ్యానింతురు.

కాని ఆయన కీర్తికి స్థిరమైన పునాది వేసినవి ప్రాణికోటిని గూర్చిన నియమములు. సర్వభూతములయందును దయ కలిగి యుండవలెను. పచ్చని చెట్టును కొట్టరాదు. నీటిని, పాలను వడగట్టి త్రాగవలెను. వంటచెరకును పొయ్యిలో పెట్టుటకు ముందు దులిపి అందలి పురుగులను తప్పింపవలెను. ఎద్దులకు వృషణములు కొట్టరాదు. మేకపోతులను పొట్టేళ్లను కసాయికి అమ్మక, వానికి ఆశ్రయమిచ్చు మందను గ్రామమే పోషింపవలెను. బిష్ణోయీలు మృతులను దహింపక ఖననము చేయుదురు. ఆ విధముగా చితికి వలయు కట్టె మిగులును. హిందూసమాజమున దహనసంస్కారమునకున్న ప్రాధాన్యమెరిగినవారు ఈ మార్పు ఎంతటిదో గ్రహింపగలరు.

ఇందొక సూక్ష్మము గమనింపదగినది. జాంభోజీ కట్టెలు కాల్చవలదని చెప్పలేదు. పొయ్యి వెలిగింపక బ్రదుకు లేదని ఆయన కెరుకయే. పచ్చనిది కొట్టవలదనెను, ఎండినది వాడుకొమ్మనెను, వాడుకొనునప్పుడైనను పురుగును చూడుమనెను. అనగా ఆయన నిషేధించినది వాడుకను గాదు, మూలధనమును తినివేయుటను. విత్తనపు గింజను వండుకొని తిన్న రైతు మరుసటి యేటికి బిచ్చగాడగునని మన కాపులకు వేరుగ చెప్పనక్కరలేదు. పచ్చని చెట్టు ఎడారికి విత్తనపు గింజ. ఈ ఒక్కమాటలో ఆయన ధర్మశాస్త్రమంతయు ఇమిడియున్నది.

ఖేజ్రీచెట్టునే ఆయన అనుయాయులు ప్రాణసమముగా జూచుటకు హేతువేమి? దాని వేళ్లు మిక్కిలి లోతునకు దిగి, ఇతర వృక్షములకందని తేమను పీల్చును. వేసవిలో తక్కిన చెట్లు మోడులై యున్నప్పుడు ఇది చిగిర్చును. దాని యాకు ఒంటెకు, మేకకు, ఆవునకు మేత. దాని లేతకాయలను సాంగ్రీ యని ఎండబెట్టి ఏడాది పొడుగునను కూర వండుకొందురు. పప్పుజాతి చెట్టగుటచే దాని వేళ్లవలన నేల సారవంతమగును. దాని నీడన సజ్జపైరు చెడదు సరిగదా మరింత బాగుగ పండును. అందుచేతనే మార్వాడు రైతు తన చేనిలోని జమ్మిని కొట్టడు. 1868-69 క్షామమున జనులు దీని బెరడును పిండి చేసి, ధాన్యపు పిండితో కలిపి తిని ప్రాణములు నిలుపుకొనిరి. క్షామమున కడపటి అన్నము పెట్టు చెట్టును దేవతగా గొలుచుట మూఢవిశ్వాసమని ఎవరనగలరు?

దీక్షనిచ్చిన పిదప జాంభోజీ యాబది యేండ్లకు పైగా జీవించెను. ఒకచోట గద్దె వేసికొని కూర్చుండలేదు. దేశములు తిరిగెను. ఆయన పలుకులని చెప్పబడు 120 శబ్దములను అనుయాయులు హోమవేళలందు నేటికిని పఠింతురు. రావు దూదా వంటి రాజపుత్రనాయకులును, ఢిల్లీ సుల్తాను సికందరు లోడీయును ఆయన ప్రభావమునకు లోనైరని కథలు కలవు. వానిలో చరిత్రమెంతయో, భక్తులు చేర్చినదెంతయో విడదీయుట కష్టము. ఒక్కటి మాత్రము కనులయెదుట నున్నది. ఫలోదీ సమీపమున జాంబా గ్రామమందలి జాంభోలావ్ అను తటాకము ఆయన త్రవ్వించినదని ప్రసిద్ధి. ఎడారిలో చెరువు త్రవ్వించినవాని పేరును నిలుపుటకు కథలతో పనిలేదు. 1536లో ఆయన లాలాసర్ అను చోట దేహము చాలించెను. నోఖా సమీపమున ముకామ్ అను గ్రామమున ఆయన సమాధి యున్నది. ఏటికి రెండుమార్లు, ఫాల్గుణమందును ఆశ్వయుజమందును వచ్చు అమావాస్యలకు అచ్చట గొప్ప తిరునాళ్లు జరుగును.

గురువుయొక్క ఉపదేశము నిజమైనదో కాదో తెలియునది గురువు జీవించి యున్నప్పుడు కాదు. ఆయన పోయిన పిమ్మట శిష్యులకు కష్టము వచ్చినప్పుడు. ఆ పరీక్ష జాంభోజీ శిష్యులకు 1730లో వచ్చెను. మార్వాడు మహారాజు అభయసింహునికి క్రొత్త కట్టడమునకై సున్నము కావలసివచ్చెను. సున్నపుబట్టీలకు కట్టె కావలసివచ్చెను. దివాను గిరిధర భండారీ మనుషులు గొడ్డండ్లతో ఖేజర్లీ గ్రామమునకు వచ్చిరి. జోధ్‌పూరునకు సమీపమున, జమ్మిచెట్లు దట్టముగా నున్న గ్రామమది. అమృతాదేవి యను గృహిణి వారి నడ్డగించెను. చెట్టును విడుచుటకు వారు లంచ మడిగిరనియు, ఇచ్చుట తన ధర్మమునకు అవమానమని ఆమె నిరాకరించెననియు చెప్పుదురు. ఆమె చెట్టును కౌగిలించుకొనెను. గొడ్డలి ఆమెమీదనే పడెను. ఆమె ముగ్గురు కుమార్తెలు ఆసూ, రత్నీ, భాగూ తల్లివెంటనే ప్రాణములు విడిచిరి. వార్త చుట్టుపట్ల గ్రామములకు ప్రాకెను. ఎనుబదికి పైగా గ్రామములనుండి జనులు వచ్చి, ఒకరి వెనుక నొకరు చెట్లను కౌగిలించుకొనిరి. మొత్తము 363 మంది ప్రాణము లర్పించిరి.

రాజు విని పశ్చాత్తప్తుడయ్యెను. బిష్ణోయీ గ్రామములయందు పచ్చని చెట్టును కొట్టరాదనియు, మృగములను వేటాడరాదనియు తామ్రశాసనము వ్రాయించి యిచ్చెను. రెండువందల నలువది యేండ్లు గడచిన పిదప హిమాలయమున చిప్కో యుద్యమము చెట్లను కౌగిలించుకొన్నప్పుడు లోకమునకు ఖేజర్లీ మరల స్మరణకు వచ్చెను. సెప్టెంబరు 11వ తేదీని భారతప్రభుత్వము అటవీ అమరవీరుల దినముగా పాటించుటకు కారణము ఆ బలిదానమే. కత్తి పట్టక, ఎవరినీ చంపక, తామే చచ్చి రాజశాసనమును మార్పించిన ఈ సంఘటనము సత్యాగ్రహమను మాట పుట్టుటకు పూర్వమే జరిగిన సత్యాగ్రహము.

ఇక నేటి సంగతికి వత్తము. జాంభోజీ చెరువు త్రవ్వించిన ఆ ఫలోదీ ప్రాంతముననే నేడు భడ్లా సౌరక్షేత్రము వెలసియున్నది. సుమారు 14,000 ఎకరముల ఇసుకనేలపై పరచిన ఫలకములనుండి 2,245 మెగావాట్ల విద్యుచ్ఛక్తి తీయు శక్తి దానికి కలదు. అనగా మెగావాటునకు ఆరెకరములు. 2030 నాటికి బొగ్గు, చమురులతో పనిలేని 5 లక్షల మెగావాట్ల సామర్థ్యమును సమకూర్చుకొందుమని 2021లో భారతదేశము ప్రకటించెను. అందు పెద్దభాగము సూర్యునినుండియే రావలెను. ఏడాదిలో మున్నూరు దినములకు పైగా మబ్బులేని ఆకాశము, చవుకగా దొరకు విశాలమైన నేల కలిగిన పశ్చిమరాజస్థానమునకు సంస్థలన్నియు పరుగిడుట సహజము. భూమి వేడెక్కినచో మొదట నష్టపడువారిలో ఎడారివాసులును ఉందురు. కావున ఈ ప్రయత్నమును మేము నిందింపము, మెచ్చుకొందుము.

ఇచ్చటనే ఒక భేదమును చదువరులు గ్రహింపవలెను. అభయసింహునికి కావలసినది కోట. నేడు ప్రజలకు కావలసినది దీపము, పంపు, యంత్రము. ఈ రెండవది విలాసము కాదు. అందుచేతనే నేటి ప్రశ్న 1730 నాటి ప్రశ్నకంటె కఠినమైనది. ఆనాడు న్యాయమొక ప్రక్కను, అన్యాయమొక ప్రక్కను నిలిచినవి. నేడు రెండు ప్రక్కలను న్యాయమున్నది. జమ్మిచెట్టు నీడ ఫలకముపై పడినచో శక్తి తగ్గును. కావున సంస్థలు దానిని తొలగింపజూచును. చెట్టు పోయినచో నేల, మేత, పక్షి పోవును. కావున గ్రామస్థు లడ్డుదురు. 2024 మొదలుకొని బికానేరు ప్రాంతమున బిష్ణోయీలు చెట్ల నరికివేతను నిరసించుచు ధర్నాలు సాగించిరి. సూర్యశక్తి వలదని వారనుట లేదు. తమ గురువు చెప్పినదానినే వారు చెప్పుచున్నారు: పచ్చనిది కొట్టవలదని.

తప్పంతయు ఎచ్చట నున్నది? మా యభిప్రాయమున అది రెవిన్యూలెక్కలలో నున్నది. దస్తు రాని నేలకు బంజరని, పోరంబోకని పేరు పెట్టుట దొరతనమువారు నేర్పిన విద్య. మరుభూమిలో దేవుని పేరిట విడిచిన పవిత్రవనములు కలవు. వానిని ఓరణ్ అందురు. అందు చెట్టు కొట్టరు, పశువులు మేయును, వాననీరు నిలుచును. శతాబ్దులుగా గ్రామములు పోషించుకొన్న అట్టి భూములలో పెక్కు, కాగితములపై బంజరులుగా నమోదై, సంస్థల కీయదగినవిగా తేలినవి. 2024 డిసెంబరులో సుప్రీముకోర్టు రాజస్థానమందలి ఈ పవిత్రవనములను కొలిచి, గుర్తించి, అడవులుగా రక్షింపవలెనని ఆదేశించుట సంతోషకరము. చెట్టున్నదని గుర్తింపని లెక్క చెట్టును కాపాడజాలదు గదా.

పక్షి కథ మరింత దుఃఖకరము. బట్టమేకపిట్ట యని మనము పిలుచు పెద్దపక్షి రాజస్థానమునకు రాష్ట్రపక్షి. దేశమంతటను ఇప్పుడు స్వేచ్ఛగా తిరుగునవి నూటయేబదికి మించవు. వానిలో హెచ్చుభాగము జైసల్మేరు పరిసరములందే యున్నవి. బరువైన ఈ పక్షికి ఎదుటనున్నది చక్కగా కానరాదు. ఎగురుచు తీగెలను సమీపమునకు వచ్చువరకు చూడజాలక తగులుకొని మరణించును. ఫలకములనుండి శక్తిని నగరములకు కొనిపోవు తీగెలు దానికి యమపాశములైనవి. 2021లో సుప్రీముకోర్టు తీగెలను భూమిలోనికి దింపవలెనని విస్తారమైన ప్రాంతమునకు ఆజ్ఞాపించెను. అది అన్నిచోట్ల సాధ్యము కాదని ప్రభుత్వము విన్నవింపగా, 2024లో ఆ యాజ్ఞను సడలించి నిపుణులసంఘమును నియమించెను. సౌరశక్తియు వలయును, పక్షియు వలయునని చెప్పి ఉభయులకును దారి వెదకుమనుట న్యాయస్థానమునకు తగినపనియే. కాని దారి వెదకుచుండగా పక్షి అంతరించినచో దారి ఎవరికొరకు?

దారి లేకపోలేదు. జోధ్‌పూరులో 1959నుండి శుష్కభూములను పరిశోధించుచున్న కేంద్రసంస్థవారు ఫలకముల వరుసలనడుమ పైరులు వేసి, ఫలకములపై పడిన వాననీటిని పట్టి నిలువచేసి, ఆ నీటితోనే ఫలకములను కడిగి పైరులను తడుపవచ్చునని ప్రయోగములు చేసి చూపిరి. గుజరాతులో 2012లో నర్మదా కాలువపైననే ఫలకములు పరచి ఒక మెగావాటు తీసిరి. నేలయు పోలేదు, నీరు ఆవిరియగుటయు తగ్గినది. నగరముల మిద్దెలు, కర్మాగారముల కప్పులు, గనులు త్రవ్వి విడిచిన గోతులు ఎన్ని ఖాళీగా లేవు? ఇవన్నియు చాలవని మే మెరుగుదుము. ఎడారిలోను సౌరక్షేత్రములు వెలయక తప్పదు. వెలయునప్పుడైనను ఓరణులను, పక్షి తిరుగు బయళ్లను, జమ్మి దట్టముగానున్న చేలను ముందుగా పటముమీద గుర్తించి విడిచిపెట్టి, మిగిలినదానినే సంస్థల కిచ్చుట అసాధ్యమా? ఎండినది వాడుకొనుము, పచ్చనిది కొట్టకుము అను సూత్రమునకు నేటి భాషలో అర్థమిదియే.

ఈ సంగతి ఎక్కడనో మార్వాడునకు సంబంధించినదని మన చదువరులు తలపరాదు. బట్టమేకపిట్ట మన సీమలోను ఉండెను. దానికొరకే నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడునొద్ద 1988లో అభయారణ్య మేర్పడినది. ఇప్పుడచ్చట ఆ పక్షి దాదాపుగ కనుమరుగైనది. దాని నెవరో పగబట్టి చంపలేదు. పచ్చికబయళ్లు సాగులోనికి వచ్చినవి. నీటివసతితో పంటల తీరు మారినది. రక్షణవలన పెరిగిన కృష్ణజింకలు పైరులను మేసి నష్టము చేయగా రైతులకు అభయారణ్యముపైననే విముఖత కలిగినది. వారిని తప్పుపట్టుట సులభము. కాని పక్షి యందరిదియు, నష్టమొక్క రైతుదియు నగుచోట రక్షణ నిలువదని ప్రభుత్వములు నేర్చుకొనవలసియున్నది. ఆ రోళ్లపాడునకు అనతిదూరమున, గని, శకునాల గ్రామములచెంత, సుమారు 5,900 ఎకరములలో 1,000 మెగావాట్ల సౌరక్షేత్రము 2017లో పూర్తియైనది. సీమలో ఇంకను రానున్నవి. కావున మార్వాడు ప్రశ్న మన వాకిటికిని వచ్చినది.

భూస్వాములగు మన చదువరులలో కొందరికి తమ మెట్టభూములను సంస్థలకు కౌలునకిచ్చు అవకాశము కలుగవచ్చును. వానకు ఎదురుచూచి అప్పులపాలగుటకంటె నిలుకడగా కౌలు పుచ్చుకొనుట మంచిదను రైతును మేము కాదనజాలము. అయితే కౌలు వచ్చునది పట్టా గలవానికి. ఆ నేలలో గొర్రెలను మేపుకొనువానికి, కూలి చేసికొనువానికి ఏమి వచ్చును? ఫలకములచుట్టు కంచె పడిననాడు వాని బాట ఏది? ఒప్పందము వ్రాసికొనునప్పుడు గట్టున నిలిచిన చెట్టును, వాగునకు పోవు నీటిని, మందలు నడచు పుంతను విడువవలెనని ఒక్క షరతు వ్రాయించుట పట్టాదారుని చేతిలోని పని. దానికి కోర్టు తీర్పులు, రాజశాసనములు అక్కరలేదు.

జాంభోజీకి రాజ్యము లేదు, సైన్యము లేదు. శాసనసభ లేదు. ఆయనకున్నది ఒక ఇసుకతిన్నె, పశువులను గాచి నేర్చిన జ్ఞానము, జనులయందు నమ్మకము. ఆయన చెట్టును కాచుటకు కావలివారిని నియమింపలేదు. ప్రతి యింటిని కావలిగా జేసెను. జింక చేనిలో పడి మేసినను బిష్ణోయీ రైతు దానిని దేవుని భాగముగా నెంచును. తల్లిలేని జింకపిల్లకు ఆ యింటి యిల్లాలు పాలిచ్చి పెంచును. ఆయన పేరిట 1995లో హిస్సారులో శాస్త్రవిజ్ఞాన విశ్వవిద్యాలయము వెలసినది. అంతకంటె గొప్ప స్మారకము ఆ గ్రామములలో నిలిచియున్న చెట్లే.

సూర్యుడు మనకందరకును ఉచితముగా కాయుచున్నాడు. నేల మాత్రము ఉచితము కాదు. దాని వెల ఎవరో ఒకరు చెల్లించుచునే యున్నారు. 1730లో ఆ వెలను 363 మంది తమ ప్రాణములతో చెల్లించిరి. అట్టి వెల మరల ఎవరును చెల్లింపవలసిన యవసరము రాకుండునట్లు ముందుగనే లెక్క చూచుకొనుట వివేకము. రానున్న విజయదశమికి జమ్మియాకును చేతబట్టుకొన్నప్పుడు ఆ లెక్క మన మనస్సులకు వచ్చుగాక.